ఓడిపోవడానికి దారి లేని ఎన్నిక

1900 జనవరి నెలాఖరున అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి ఇద్దరు గవర్నర్లు ఉన్నారు. ఒకాయన ప్రభుత్వ భవనంలో, చుట్టూ సైనికుల్ని కాపలా పెట్టుకుని కూర్చున్నాడు. రెండో ఆయన అదే ఊళ్ళో ఒక హోటల్ గదిలో, ఛాతీలో తూటా గాయంతో మంచం మీద పడుకునే ప్రమాణ స్వీకారం చేశాడు. మూడు రోజుల తర్వాత చనిపోయాడు. అమెరికాలో పదవిలో ఉండగా హత్యకి బలైన రాష్ట్ర గవర్నరు ఇప్పటికీ ఆయనొక్కడే. చిత్రం ఏమిటంటే, తూటా తగిలినప్పటికి ఆయన ఇంకా గవర్నరు కాదు.

ఆయన పేరు విలియమ్ గోబెల్. తెలుగు రాజకీయ ప్రసంగాల్లో రోజూ వినబడే ‘గోబెల్స్ ప్రచారం’లోని నాజీ మంత్రికీ ఇతనికీ ఏ సంబంధమూ లేదు. ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. అమెరికా రాష్ట్రాల్లో గవర్నరు అంటే మన దగ్గరలాగా ఢిల్లీ నుంచి వచ్చే పెద్దమనిషి కాదు. జనం నేరుగా ఓట్లేసి ఎన్నుకునే పాలకుడు. మన లెక్కలో ముఖ్యమంత్రి లాంటివాడు. కాబట్టి ఆ పదవికి పోటీ అంటే మొత్తం రాష్ట్రాధికారానికి పోటీ.

1899 నవంబరులో జరిగిన ఆ ఎన్నికలో ఎవరు నెగ్గారన్నది చాలా పుస్తకాల్లో చర్చకి వచ్చిన సంగతే. నాకు మాత్రం అంతకన్నా ఆసక్తిగా కనిపించే ప్రశ్న వేరే ఉంది. ఎన్నికలో ఒకరు నెగ్గడం ఎంత ముఖ్యమో, ఇంకొకరు ఓడిపోయి ఇంటికి వెళ్ళగలగడం కూడా అంతే ముఖ్యం. నిజానికి రెండోదే కష్టం. కెంటకీలో ఆ ఏడాది రెండు పక్షాలూ కలిసి, ఎవరి కారణాలు వాళ్ళకి ఉండి, ఒక్కొక్క మెట్టూ కడుతూ, ఎవరూ ఓడిపోవడానికి వీల్లేని పరిస్థితిని తయారుచేశాయి. అది ఎలా జరిగిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

*

గోబెల్ కెంటకీలో పుట్టినవాడు కాదు. 1856లో పెన్సిల్వేనియాలో, జర్మనీ నుంచి వలస వచ్చిన దంపతులకి పుట్టాడు. ఇంట్లో మాట్లాడుకునేది జర్మనే. తండ్రి అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడాడు. యుద్ధం అయ్యాక కుటుంబం ఒహాయో నది ఒడ్డున, సిన్సినాటికి ఎదురుగా ఉన్న కవింగ్టన్ పట్టణానికి చేరింది. గోబెల్ న్యాయవాది అయ్యాడు. మాజీ గవర్నర్ జాన్ స్టీవెన్‌సన్ దగ్గర పని నేర్చుకున్నాడు. 1887లో డెమొక్రాటిక్ పార్టీ తరఫున రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టాడు.

అప్పట్లో కెంటకీ డెమొక్రాట్ల నాయకత్వమంతా దక్షిణాది జ్ఞాపకాలున్న పెద్ద కుటుంబాలది. కాన్ఫెడరేట్ సైన్యంలో పనిచేసి ఉండటం ఓ యోగ్యత. కథలు చెప్పి నవ్వించడం, సభల్లో అనర్గళంగా మాట్లాడటం, భుజాల మీద చేతులేసి పలకరించడం ఇంకో యోగ్యత. గోబెల్‌కి ఇవేవీ లేవు. పెళ్ళి చేసుకోలేదు, స్నేహితులు తక్కువ, వక్తగా అంతంతమాత్రమే. ఉన్నదల్లా పట్టుదల, చట్టాల మీద పట్టు, ఎవరి ఓటు ఎక్కడుందో లెక్క వేసుకోగల బుర్ర.

అతను ఎంచుకున్న శత్రువు కూడా చిన్నదేం కాదు. లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్వే, జనం నోట్లో ఎల్ అండ్ ఎన్. రైతు పొగాకు అమ్ముకోవాలన్నా, గనుల నుంచి బొగ్గు కదలాలన్నా చాలా ప్రాంతాల్లో ఆ కంపెనీ అడిగిన రేటు ఇవ్వాల్సిందే. శాసనసభ్యులకి ఉచిత పాసులు, రాజధానిలో దాని తరఫున పనిచేసే పెద్దమనుషులు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. 1890-91లో కొత్త రాజ్యాంగం రాసినప్పుడు గోబెల్ ఆ సభలో ఉన్నాడు. రైల్వేల మీద నిఘా ఉంచే కమిషన్ మామూలు చట్టంతో ఏర్పడితే, రేపు ఇంకో శాసనసభ దాన్ని ఎత్తేయొచ్చు. అందుకని దాన్ని రాజ్యాంగంలోనే పెట్టించాడు. పేదవాళ్ళ తరఫున నిలబడ్డాడన్న పేరు అతనికి ఇలాంటి పనుల వల్ల వచ్చింది.

అతని కథలో రెండో పార్శ్వం 1895 ఏప్రిల్‌లో బయటపడింది. కవింగ్టన్‌లో జాన్ శాండ్‌ఫర్డ్ అనే బ్యాంకరుతో అతనికి చాలాకాలంగా వైరం. గోబెల్ ఒక పత్రికలో అతని గురించి, ఇక్కడ రాయలేనంత బూతుగా ఒక పేరు పెట్టి రాశాడు. కొద్ది రోజులకే ఒక బ్యాంకు ముందు ఇద్దరూ ఎదురుపడ్డారు. ఇద్దరూ పిస్తోళ్ళు తీశారు. శాండ్‌ఫర్డ్ కాల్చిన తూటా గోబెల్ బట్టల్లోంచి దూసుకుపోయింది. గోబెల్ కాల్చినది శాండ్‌ఫర్డ్ తలకి తగిలింది. ముందు ఎవరు కాల్చారో చూసినవాళ్ళు తేల్చి చెప్పలేకపోయారు. ఆత్మరక్షణ అన్న వాదనతో గోబెల్ బయటపడ్డాడు. శాండ్‌ఫర్డ్ కాన్ఫెడరేట్ సైన్యంలో పనిచేసినవాడు. పార్టీలో ఆ వర్గం గోబెల్‌ని ఎన్నటికీ క్షమించలేదు.

*

అదే 1895లో ఇంకో పెద్ద విషయం జరిగింది. అంతర్యుద్ధం తర్వాత కెంటకీని వరసగా ఏలుతున్న డెమొక్రాట్లు మొదటిసారి గవర్నరు పదవి పోగొట్టుకున్నారు. రిపబ్లికన్ విలియమ్ బ్రాడ్లీ గెలిచాడు. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలో మెకిన్లీ కెంటకీని గెలుచుకున్నాడు. మూడు వందల ఓట్లు కూడా లేని తేడాతో! తరతరాలుగా తమదే అనుకున్న రాష్ట్రం చేజారేసరికి, అది జనం మనసు మారడం వల్ల జరిగిందని ఒప్పుకోవడం డెమొక్రాట్లకి కష్టమైంది. దొంగ ఓట్లు, దొంగ లెక్కలు అన్నారు. పూర్తిగా కట్టుకథ అనడానికీ లేదు. ఆ రోజుల్లో డబ్బిచ్చి ఓట్లు కొనడం రెండు పార్టీల్లోనూ ఉన్న అలవాటే.

ఈ నేపథ్యంలో 1898లో గోబెల్ ఒక చట్టం తెచ్చాడు. దాన్ని గోబెల్ ఎన్నికల చట్టం అనే పిలిచారు. దాని సారాంశం ఇది. ముగ్గురు సభ్యులతో ఒక రాష్ట్ర ఎన్నికల బోర్డు ఉంటుంది. ఆ ముగ్గుర్నీ శాసనసభ నియమిస్తుంది. ఆ ముగ్గురూ ప్రతి కౌంటీకీ ఎన్నికల కమిషనర్లని నియమిస్తారు. ఫలితాలు చివరికి ఈ బోర్డు దగ్గరికే వస్తాయి.

కాగితం మీద చూస్తే తప్పేముంది అనిపిస్తుంది. ఎన్నికల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ ఉండటం మంచిదే కదా. మన ఎన్నికల సంఘం కూడా అలాంటిదే కదా. కానీ అప్పటి శాసనసభలో మెజారిటీ డెమొక్రాట్లది. సెనేట్‌కి తాత్కాలిక అధ్యక్షుడు గోబెల్. మరుసటి ఏడాది గవర్నరు పదవికి పోటీ చేయబోయేదీ గోబెలే. అంటే ఓట్లు లెక్కపెట్టేవాళ్ళని ఎంచుకునే సభని నడిపేవాడే అభ్యర్థి. బ్రాడ్లీ ఆ చట్టాన్ని వీటో చేశాడు. వీటోని తోసిపుచ్చి సభ మళ్ళీ నెగ్గించింది. కంచే చేను మేయబోతోందని రిపబ్లికన్లు గోల పెట్టారు. కాదు, ఇన్నాళ్ళూ మేసిన పశువుల్ని ఆపడానికే ఈ కంచె అన్నారు గోబెల్ మనుషులు. సొంత పార్టీలోనే చాలామందికి ఈ జవాబు మింగుడుపడలేదు.

ఇక్కడ ఒక మెట్టు పూర్తయింది. రిపబ్లికన్ ఓటరు దృష్టిలో, ఓటు పడకముందే, రాబోయే లెక్క దొంగలెక్క అయిపోయింది.

*

1899 జూన్‌లో అభ్యర్థిని ఎంచుకోవడానికి డెమొక్రాట్లు లూయీవిల్‌లోని మ్యూజిక్ హాల్‌లో సమావేశమయ్యారు. ముగ్గురు పోటీదారులు. వాట్ హార్డిన్‌కి రైల్వే కంపెనీ అండ ఉందని అందరి అంచనా. రెండోవాడు విలియమ్ స్టోన్. మూడో స్థానంలో గోబెల్. ముందున్న హార్డిన్‌ని ఆపడానికి స్టోన్, గోబెల్ చేతులు కలిపారు. సభాధ్యక్షుడిగా డేవిడ్ రెడ్‌వైన్ అనే జడ్జిని నిలబెట్టుకున్నారు. తర్వాత స్టోన్‌కి చేసిన వాగ్దానాన్ని గోబెల్ పక్కన పెట్టేశాడు. సభ రోజుల తరబడి సాగింది. రెడ్‌వైన్ తీర్పులు గోబెల్‌కి అనుకూలంగా వస్తున్నాయని ప్రతినిధులు కుర్చీలెక్కి కేకలేశారు, బాకాలూదారు, ఓటింగు పిలుపు వినబడకుండా పాటలు పాడారు. హాలు నిండా పోలీసులు. చివరికి 26వ విడత ఓటింగులో గోబెల్ అభ్యర్థి అయ్యాడు.

ఈ తతంగం చూసి విసిగిపోయిన డెమొక్రాట్లు కొందరు విడిపోయి, నిజాయితీ ఎన్నికల పేరుతో మాజీ గవర్నర్ జాన్ యంగ్ బ్రౌన్‌ని నిలబెట్టారు. రిపబ్లికన్లు రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఉన్న విలియమ్ టేలర్‌ని పెట్టారు. ఎల్ అండ్ ఎన్ తన బలాన్నంతా గోబెల్‌కి వ్యతిరేకంగా దింపింది. గోబెల్ తరఫున ప్రచారానికి విలియమ్ జెన్నింగ్స్ బ్రయన్ అంతటివాడు వచ్చాడు. రాష్ట్రాన్ని ఏలేది జనమా, రైల్వేనా అన్నదే గోబెల్ ప్రచారానికి పల్లవి.

ఆ ‘జనం’లో ఎవరెవరున్నారన్నది కూడా అడగాలి. రైళ్ళలో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ వేరువేరు పెట్టెలుండాలని 1892లో కెంటకీ ఒక చట్టం చేసింది. నల్లజాతి ఓటర్లలో చాలామంది రిపబ్లికన్లు. వాళ్ళ ఓట్లు కొన్నైనా తనవైపు తిప్పుకోవాలన్న ఆశతో ఆ చట్టం గురించి గోబెల్ కొన్నాళ్ళు పెదవి విప్పలేదు. ఒక సభలో సూటిగా నిలదీస్తే, తాను ఆ చట్టానికి అనుకూలమేనని చెప్పేశాడు. రైల్వే రేట్ల గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషి, అదే రైలుపెట్టెలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న దగ్గర మాత్రం తన కాలానికి ఒక్క అంగుళం కూడా ముందుకి జరగలేదు.

*

నవంబరు 7న ఎన్నిక జరిగింది. టేలర్‌కి 1,93,714. గోబెల్‌కి 1,91,331. బ్రౌన్‌కి 12,040. తేడా 2,383 ఓట్లు. చీలిపోయిన డెమొక్రాట్లు పట్టుకుపోయిన ఓట్లలో పావు వంతు వెనక్కి వచ్చినా గోబెల్ గెలిచేవాడు.

వెంటనే లెక్క మీద పేచీలు మొదలయ్యాయి. నెల్సన్ కౌంటీలో బ్యాలెట్ మీద రిపబ్లికన్ అభ్యర్థి పేరు ‘డబ్ల్యూ.ఎస్. టేలర్’ అని ఉండాల్సింది, ‘డబ్ల్యూ.పి. టేలర్’ అని పడింది. ఆ సుమారు 1,200 ఓట్లూ చెల్లవు, అలాంటి మనిషి పోటీలోనే లేడు అన్నారు డెమొక్రాట్లు. కొండప్రాంతాల్లోని నాక్స్, జాన్సన్ కౌంటీల్లో బ్యాలెట్లు పల్చటి కాగితం మీద అచ్చువేశారు, మడతపెట్టినా ఎవరికి వేశారో కనబడిపోతోంది, రహస్య ఓటింగు కాలేదు కాబట్టి అవీ కొట్టేయాలన్నారు. లూయీవిల్‌లో బ్రాడ్లీ సైన్యాన్ని దింపి ఓటర్లని భయపెట్టాడన్నది ఇంకో ఆరోపణ.

ఈ పేచీలన్నీ ఇప్పుడు ఎవరి ముందుకి వెళ్ళాలి? గోబెల్ చట్టం సృష్టించిన ముగ్గురు సభ్యుల బోర్డు ముందుకి. ముగ్గురూ డెమొక్రాట్లే. వాళ్ళేం చెబుతారో ఊరంతటికీ తెలుసు. రిపబ్లికన్లకి మరీ బాగా తెలుసు.

కానీ అది జరగలేదు. డిసెంబరులో బోర్డు 2-1 తేడాతో టేలర్ గెలిచాడని ప్రకటించింది. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన విలియమ్ ప్రయర్, కాంగ్రెస్ సభ్యుడిగా చేసిన విలియమ్ ఎలిస్ ఒక పక్క నిలబడ్డారు. మూడో సభ్యుడు పాయింట్జ్ విడిపోయాడు. ఆ ఇద్దరూ చెప్పిన కారణం చాలా సాదా. చట్టం మాకు ఇచ్చింది కౌంటీల నుంచి ధ్రువీకరించి వచ్చిన అంకెల్ని కూడే పని. ఆ అంకెల వెనక్కి వెళ్ళి విచారణ జరిపి, తీర్పులిచ్చే అధికారం మాకు లేదు. కూడితే టేలర్‌కి ఎక్కువ వచ్చాయి. అంతే.

ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. గోబెల్ మీద వచ్చిన పుస్తకాల్లో కాల్పులకీ కోర్టు కేసులకీ ఉన్నంత చోటు ఈ ఇద్దరికీ దొరకదు. తమ పార్టీ, తమని నియమించిన సభ, తమ పదవికి కారణమైన నాయకుడు ఒకవైపు. చట్టంలో రాసి ఉన్న వాక్యం రెండోవైపు. వాళ్ళు వాక్యాన్ని ఎంచుకున్నారు. చెడ్డగా రూపొందించిన సంస్థ కూడా అందులో కూర్చున్న మనుషుల్ని బట్టి ఒక్కోసారి మంచిగా పనిచేస్తుంది. అయితే దానికి విలువ రావాలంటే రెండు పక్షాలూ ఆ మాట దగ్గర ఆగాలి. డిసెంబరు 12న టేలర్ ప్రమాణ స్వీకారం చేశాడు. కథ అక్కడితో అయిపోవచ్చు. అవలేదు, ఎందుకంటే ఇంకో తలుపు తెరిచే ఉంది.

*

ఆ తలుపు రాజ్యాంగంలోనే ఉంది. గవర్నరు ఎన్నికపై వివాదం వస్తే శాసనసభ ఉభయసభలూ తేల్చాలని కెంటకీ రాజ్యాంగం 90వ సెక్షన్ చెబుతుంది. అందుకోసం 11 మందితో ఒక కమిటీ వేయాలి. ముగ్గురు సెనేటర్లు, ఎనిమిది మంది ప్రతినిధుల సభ సభ్యులు. పక్షపాతం లేకుండా ఉండాలని, పేర్లు కాగితం ముక్కల మీద రాసి పెట్టెలోంచి చీటీలు తీయాలి.

1900 జనవరిలో చీటీలు తీశారు. సభల్లో రిపబ్లికన్లు చెప్పుకోదగ్గ సంఖ్యలోనే ఉన్నారు. కమిటీలోకి వచ్చినవాడు మాత్రం ఒక్కడే. చీటీలు తీయడంలో మోసం జరిగిందని ఎవరూ రుజువు చేయలేదు. అదృష్టవశాత్తూ అలా వచ్చిందని నమ్మినవాళ్ళు కూడా తక్కువే.

ఇప్పుడు రిపబ్లికన్ల స్థితి చూడండి. ఓట్లు పడ్డాయి, మనకే ఎక్కువ వచ్చాయి. ప్రత్యర్థులు నియమించిన బోర్డు కూడా మనమే గెలిచామంది. మన మనిషి కుర్చీలో కూర్చున్నాడు. అయినా పదవి పోబోతోంది. డెమొక్రాట్ల వైపు నుంచి చూస్తే, రైల్వే డబ్బూ పల్చటి కాగితాలూ తుపాకులూ కలిసి మన గెలుపుని ఎత్తుకుపోయాయి, రాజ్యాంగం ఇచ్చిన దారిలోనే దాన్ని వెనక్కి తెచ్చుకుంటున్నాం. ఎవరి కథ వాళ్ళకి పూర్తిగా సబబుగా ఉంది. రెండు కథలకీ ఉమ్మడి పాత్రధారి, అంటే ‘వీళ్ళ మాట ఇద్దరం వింటాం’ అనదగ్గ మనిషి గానీ సంస్థ గానీ లేదు.

జనవరి 25న తూర్పు కొండల నుంచి వందలమంది ఎల్ అండ్ ఎన్ రైల్లో రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగారు. చాలామంది చేతుల్లో తుపాకులున్నాయి. వాళ్ళని కూడగట్టినవాడు అప్పటి రాష్ట్ర కార్యదర్శి, యువ రిపబ్లికన్ కేలబ్ పవర్స్. శాసనసభకి వినతిపత్రం ఇవ్వడానికి వచ్చారని చెప్పారు. డెమొక్రాట్లు కూడా ఉత్త చేతులతో తిరగలేదు.

జనవరి 30 ఉదయం 11 దాటాక గోబెల్ ఇద్దరు అనుచరులతో కలిసి శాసనసభ భవనం వైపు నడుస్తున్నాడు. పక్కనున్న కార్యాలయ భవనం వైపు నుంచి తుపాకులు పేలాయి. ఒక తూటా ఛాతీలో దిగింది. కాల్పులు పవర్స్ కార్యాలయం కిటికీలోంచే వచ్చాయన్నది తర్వాత ప్రభుత్వ వాదన.

టేలర్ వెంటనే రాష్ట్రంలో తిరుగుబాటు పరిస్థితి ఉందని ప్రకటించాడు. సైన్యాన్ని పిలిచాడు. శాసనసభ ఇక్కడ కాదు, లండన్‌లో సమావేశం కావాలన్నాడు. ఇంగ్లాండు లండన్ కాదు, రిపబ్లికన్ల బలం ఉన్న కొండప్రాంతంలో అదే పేరున్న చిన్న ఊరు. డెమొక్రాట్ సభ్యులు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే కలుద్దామని ఏ భవనానికి వెళ్ళినా గుమ్మం దగ్గర సైనికులు అడ్డుకున్నారు. చివరికి గోబెల్ పడుకున్న కాపిటల్ హోటల్లోనే రహస్యంగా కలుసుకున్నారు. రిపబ్లికన్లు ఒక్కరూ లేరు. కమిటీ నివేదికని ఆమోదించి, కావలసినన్ని ఓట్లు కొట్టేసి, గోబెల్ గెలిచాడని తీర్మానించారు. జనవరి 31న అతనితో ప్రమాణం చేయించారు. గవర్నరుగా గోబెల్ చేసిన పని ఒకటే. సైనికులు ఇళ్ళకి పోవాలని, సభ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే కలవాలని ఒక ఉత్తర్వు. ఫిబ్రవరి 3 సాయంత్రం కన్నుమూశాడు.

సామాన్య ప్రజల పట్ల విధేయంగా ఉండండని మిత్రులకి చెబుతూ పోయాడని పత్రికలు రాశాయి. అక్కడే ఉన్న విలేకరి ఇర్విన్ కాబ్ తర్వాతెప్పుడో ఇంకోలా చెప్పాడు. చివరిగా తిన్న ఆయిస్టర్ బాగాలేదని డాక్టరుతో అన్నదే అసలు ఆఖరి మాటట. చరిత్రలో ఆఖరి మాటల సంగతి ఎప్పుడూ ఇంతే.

*

గోబెల్ పోయాక అతని స్థానంలోకి లెఫ్టినెంట్ గవర్నరు అభ్యర్థి బెకమ్ వచ్చాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళవాడు. టేలర్ తప్పుకోలేదు. కేంద్ర సైన్యాన్ని పంపమని అధ్యక్షుడు మెకిన్లీని అడిగాడు. మెకిన్లీ కాదన్నాడు. ఫిబ్రవరిలో రెండు పార్టీల పెద్దలు లూయీవిల్‌లో కూర్చుని ఒక రాజీపత్రం తయారుచేశారు. టేలర్ దిగిపోతాడు, అతని మీద కేసులుండవు. టేలర్ ఆలోచించి, ఆలోచించి, సంతకం పెట్టనన్నాడు. ఇరుపక్షాలూ చేసిన ఒకే ఒక మంచి పని ఇదనుకుంటాను. అందుబాటులోకి వచ్చింది రక్తం పారిన తర్వాతే కావడం, అది కూడా నిలబడకపోవడం ఈ కథకి తగ్గట్టే ఉంది.

ఇక కోర్టులే మిగిలాయి. ఏప్రిల్‌లో రాష్ట్ర న్యాయస్థానం బెకమ్ పక్షాన తీర్పిచ్చింది. మే 21న అమెరికా సుప్రీంకోర్టు ఇందులో తాను వేలు పెట్టనంది. శాసనసభ తేల్చాలని రాష్ట్ర రాజ్యాంగమే చెప్పింది, సభ తేల్చింది, పదవి అనేది ఒకరి ఆస్తి కాదు కాబట్టి అది లాగేసుకున్నారన్న ఫిర్యాదుకి ఇక్కడ చోటులేదు అని ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్ రాశాడు. దీనికి అసమ్మతి రాసినవాడు జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్. రైల్లో వేరు పెట్టెలు చెల్లుతాయన్న 1896 నాటి ప్లెస్సీ తీర్పులో ఒంటరిగా అసమ్మతి రాసిన మనిషే. ఆయన కెంటకీవాడు. రిపబ్లికన్‌గా 1871లో, 1875లో అదే గవర్నరు పదవికి పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయి, ఇంటికి వెళ్ళి వకీలు పని చేసుకున్నవాడు. ఓటమి అంటే ఏమిటో తెలిసిన ఆ మనిషి, ఇక్కడ జరిగింది ఓటమి కాదు, ప్రజల ఓటుని లాక్కోవడం అన్నాడు.

తీర్పు తర్వాత టేలర్ పక్కనున్న ఇండియానా రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. హత్యకేసులో అతని మీద కూడా నేరం మోపారు. ఇండియానా గవర్నర్లు అతన్ని అప్పగించలేదు. మళ్ళీ కెంటకీ రాజకీయాల్లో అడుగుపెట్టలేదు.

హత్య ఎవరు చేశారో ఇవాళ్టికీ నిర్ధారణగా తేలలేదు. డెమొక్రాట్ల సభ దర్యాప్తుకీ బహుమతులకీ లక్ష డాలర్లు కేటాయించింది. అప్పటి లెక్కలో అది సాక్షుల్ని తయారుచేయగల డబ్బు. పవర్స్‌ని నాలుగుసార్లు విచారించారు. మూడుసార్లు దోషి అన్నారు, ఒకసారి ఉరిశిక్ష కూడా వేశారు. మూడుసార్లూ పై కోర్టు కొట్టేసింది. నాలుగోసారి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. కాల్చినవాడని ప్రభుత్వం చెప్పిన జిమ్ హోవర్డ్‌కి, హెన్రీ యూట్సీ అనే గుమాస్తాకి యావజ్జీవం పడింది. 1908లో రిపబ్లికన్ గవర్నరు వచ్చాక పవర్స్‌కీ హోవర్డ్‌కీ క్షమాభిక్ష దొరికింది. మరుసటి ఏడాది టేలర్‌కి కూడా. పవర్స్ 1911 నుంచి 1919 దాకా అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడిగా ఉన్నాడు. జైల్లో ఎన్నేళ్ళున్నాడో వాషింగ్టన్‌లో కూడా అన్నేళ్ళే. డెమొక్రాట్ల కోర్టు దోషి అంటే రిపబ్లికన్ ఊళ్ళు అమాయకుడన్నాయి. లెక్క మీద పోయిన నమ్మకం తీర్పుల దాకా పాకింది.

ఆ తూటా ఇంకా దూరం కూడా వెళ్ళింది. గోబెల్‌కి తగిలిన తూటా ఇప్పుడు మెకిన్లీ వైపు వస్తోందన్న అర్థంలో ఆంబ్రోస్ బియర్స్ ఒక న్యూయార్క్ పత్రికలో నాలుగు పంక్తులు రాశాడు. 1901లో మెకిన్లీ నిజంగానే హత్యకి గురయ్యాడు. ఆ పద్యం అచ్చువేసినందుకు పత్రిక యజమాని హర్స్ట్ చాలాకాలం మాటలు పడ్డాడు.

*

గోబెల్ చట్టం అతని వెనకే పోయింది. ఆ చట్టం జనానికి రుచించడం లేదని గ్రహించిన బెకమ్, 1900 ఆగస్టులో ప్రత్యేక సమావేశం పెట్టి దాన్ని మార్పించాడు. ఆ నవంబరులో మిగిలిన కాలానికి ఎన్నిక జరిగితే, స్వల్ప తేడాతో గెలిచాడు. ఓడిపోయిన రిపబ్లికన్ ఇంటికి వెళ్ళాడు.

మన దగ్గర ఈ ప్రశ్నకి వేరే జవాబు ఎంచుకున్నారు. ఎన్నికల వివాదాన్ని ఎన్నికల పిటిషన్ ద్వారానే తేల్చాలని రాజ్యాంగం 329వ అధికరణం చెబుతుంది. మొదట్లో ట్రిబ్యునళ్ళు చూసేవి. 1966 నుంచి హైకోర్టులు చూస్తున్నాయి. నెగ్గిన సభే తన సభ్యుల గెలుపు సంగతి తేల్చే పద్ధతి మనకి లేదు. దాని ఆలస్యాల గురించి ఎన్నైనా చెప్పుకోవచ్చు గానీ, ఆ ఒక్క తలుపు మూసి ఉండటం చిన్న విషయం కాదు.

కెంటకీలో ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది. 90వ సెక్షన్ రాజ్యాంగంలో అలాగే ఉంది. పెట్టెలోంచి చీటీలు తీసి 11 మందిని ఎంచడం కూడా అలాగే ఉంది. 2019 నవంబరులో అప్పటి రిపబ్లికన్ గవర్నర్ మాట్ బెవిన్ ఐదువేల పైచిలుకు ఓట్లతో డెమొక్రాట్ ఆండీ బెషియర్ చేతిలో ఓడిపోయాడు. ఓటమి ఒప్పుకోలేదు, అక్రమాలు జరిగాయన్నాడు. శాసనసభ మెజారిటీ ఈసారి రిపబ్లికన్లది. సభే తేల్చే అవకాశం ఉందని సెనేట్ అధ్యక్షుడు అన్నాడు. గోబెల్ పేరు మళ్ళీ పత్రికల్లోకి వచ్చింది. అప్పుడు బెవిన్ సొంత పార్టీ సభ్యులే కొందరు ఆధారాలుంటే చూపించు, లేకపోతే ఒప్పేసుకో అన్నారు. లెక్కలు మరోసారి సరిచూసి అంకెలు మారలేదని తేలాక, నవంబరు 14న బెవిన్ ఓటమి ఒప్పుకున్నాడు.

చట్టం మారలేదు, రాజ్యాంగం మారలేదు. ప్రయర్, ఎలిస్ 1899లో చేసిన పనినే 2019లో ఇంకొందరు చేశారు. తేడా ఏమిటంటే, ఈసారి అవతలివాళ్ళు ఆ మాట దగ్గర ఆగారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాత శాసనసభ భవనం ముందు గోబెల్ విగ్రహం ఉంది. అతను పడిపోయిన చోటుకి గుర్తుగా ఒక ఫలకమూ ఉంది. ఆ ఇద్దరు బోర్డు సభ్యుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో వెతుక్కుంటే తప్ప దొరకవు.